మార్లవాయి బడి నుంచి బీఎడ్ మెథడాలజీ దాకా

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. ఒక్కసారి కుదరకపోతే రెండుసార్లుగా అయినా చదవండి. డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఉన్నోళ్లు, ఇంటర్ అయిపోయి ఏం చేయాల్నో తోచక ఊర్లో ఉన్నోళ్లు మాత్రం తప్పక చదవండి.

మేం ఉండేది గిరిజన కాలేజీ హాస్టల్‌లో. గోండులం, కొలాములం, కోయలం, నాయక్‌పోడులం ఒకే కంచాల వరుసలో నిలబడి తింటం. మాలో చానామంది ఇండ్లల్ల కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. మా బాపులకు బీఎడ్ అంటే ఏందో తెల్వదు, "సార్ కొలువు చదువు" అంటే మాత్రం తెలుస్తది.

ఎడ్‌సెట్ నోటిఫికేషన్ వచ్చిన రోజు రాత్రి మా గదిలో పెద్ద లొల్లి అయింది. సగం మంది "జీవో 3 పోయింది, ఇంక బీఎడ్ చేసి ఏం లాభం" అన్నరు. ఇంకో సగం మంది "పోతే పోయింది, డీఎస్సీలో మన రిజర్వేషన్ మనకు ఉంది కదా" అన్నరు. మా గదిలోనే బీఎస్సీ మ్యాథ్స్ చదివే దోస్తు ఒకడు ఉన్నడు. హాస్టల్ మొత్తంలో ఎవరికి లెక్క రాకపోయినా వాని మంచం దగ్గరికే పోతం. "నువ్వన్నా లెక్కల మెథడాలజీతో బీఎడ్ చెయ్యిరా" అంటే వాడు అన్న మాట ఇది: "మనోళ్లల్ల లెక్కల సార్‌ని మీరెప్పుడన్న చూసిన్రా? నేనైతే చూడలే. కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అయిత."

ఆ మాటకు ఎవరమూ జవాబు చెప్పలేకపోయినం. మరునాడు రాత్రి గది గదికీ తిరిగి ఒకటే ప్రశ్న అడిగినం. ఆరు నుంచి పది దాకా మీకు లెక్కలు గానీ, ఫిజిక్స్ గానీ చెప్పిన సార్లలో మన భాష వచ్చినోళ్లు ఎవరన్నా ఉన్నరా అని. తెలుగు సార్ ఉన్నడన్నరు, సోషల్ మేడం ఉన్నదన్నరు, వార్డెన్ మనోడే అన్నరు. లెక్కల దగ్గరికి వచ్చేసరికి ఎక్కువమంది తల అడ్డంగ ఊపిన్రు. మేం చదివిన బడిలోనే ఎనిమిదో తరగతిలో లెక్కల సార్ పోస్టు ఖాళీ. హిందీ సార్ వచ్చి గైడు చూసి బోర్డు మీద రాస్తుంటే మేం దించుకునేటోళ్లం. ఆయన తప్పు పట్టడం లేదు, ఆయనకు చేతనైంది ఆయన చేసిండు. కానీ ఆ ఏడు పోయిన లెక్కలు మళ్లీ రాలేదు. చానామంది ఇంటర్‌లో సీఈసీ, హెచ్ఈసీ తీసుకున్నది ఇష్టంతోని కాదు, అప్పుడు పోయిన లెక్కల భయంతోని.

ఎందుకిట్ల అయింది? మన పిల్లలకు లెక్కలు రావనా? లేకపోతే మనకు చదువు చెప్పే పద్ధతిలోనే ఏదో తెగిపోయిందా? దీన్ని తెలుసుకుందామని లైబ్రరీలో దొరికిన పుస్తకాలు చదివినం, పెద్దమనుషులను అడిగినం. తెలిసింది తెలిసినట్టు ఇక్కడ రాస్తున్నం.

ముందు మన మొదటి సార్ ఎవరు?

బడి రాకముందు మనకు చదువే లేదన్నట్టు మాట్లాడుతరు. అది తప్పు. గోండు ఇండ్లల్ల పెర్సాపేన్ పూజ దగ్గర ప్రధాన్ కిక్రి వాయించుకుంట ఏ సగా ఎట్ల పుట్టింది, ఏ దేవుడు ఎక్కడి నుంచి వచ్చిండు, మన పెద్దలు ఏ కొండ దాటి వచ్చిన్రు అని రాత్రంత చెప్తడు. పుస్తకం లేదు, అంతా నోటికే. వాళ్ల నాయిన దగ్గర నేర్చుకున్నడు, కొడుకుకు నేర్పుతడు. ఎక్కడ ఆపాలె, ఎక్కడ కిక్రి గట్టిగ లాగాలె, పిల్లలు నిద్రపోతుంటే ఎట్ల లేపాలె అన్నది కూడా ఆ నేర్పులోనే ఉంది. ఇప్పుడు బీఎడ్‌లో "బోధనా పద్ధతులు" అని ఏది చెప్తున్నరో, దాని తోబుట్టువు అది. చెప్పే విషయం, చెప్పే తీరు రెండూ విడివిడిగా ఉండవని ప్రధాన్‌కు తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుకు పోయినంక మళ్లా వస్తది.

మార్లవాయి, 1943

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైనంక నిజాం సర్కారుకు భయం పట్టింది. గోండులు ఎందుకు తిరగబడిన్రో తెలుసుకోవాలని ఆస్ట్రియా దేశానికి చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ కొండల్లో అధ్యయనం చేయమన్నరు. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నడు, గోండి నేర్చుకున్నడు. ఇప్పుడు ఆ ఊరు జైనూర్ మండలం, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. 1987లో బెట్టీ చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేసిన్రు. ఏటా మనోళ్లు అక్కడికి పోతరు, ఇది మనందరికీ తెలిసిందే.

కానీ మనం సమాధి దగ్గర దండం పెట్టి వచ్చేస్తం గానీ, 1943లో అక్కడ మొదలైన పనిని సరిగ్గా చూడం. అప్పుడు గోండుల విద్యా పథకం కింద మార్లవాయిలో పెట్టింది టీచర్ల శిక్షణ కేంద్రం. ముందు బడి కట్టి, తర్వాత ఎక్కడి నుంచో సార్‌ని తెచ్చుడు కాదు. గోండు యువకులను తెచ్చి, వాళ్లకే చదువు రాత నేర్పి, టీచర్లుగా తయారుచేసి, ఆ తర్వాత వాళ్లను ఊర్లకు పంపి బడులు తెరిచిన్రు. గోండిలో వాచకాలు తయారయినయి. ఆ ప్రాంతంలో మరాఠీ వాడకం ఎక్కువ కాబట్టి లిపి దేవనాగరి పెట్టుకున్నరు.

దీంట్లో గొప్పతనం ఎక్కడుందో మేం గదిలో కూర్చుని మాట్లాడుకున్నం. మాకు రెండు కనబడ్డయి. ఒకటి, టీచర్‌ను తయారుచేసుడే మొదటి పని అన్నరు. రెండోది, పిల్లగాని భాష టీచర్‌కు వచ్చి ఉండాలన్నరు. పట్టాల కాగితం చదవరాక, పట్వారీ ఏది రాస్తే దానికి వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్న కాలం అది. అట్లాంటి ఊరిలో మనోడే ఒకడు పలక పట్టుకుని "ఇది అక్షరం, ఇది అంకె" అని గోండిలో చెప్తుంటే ఆ పిల్లలకు ఎట్ల అనిపించి ఉంటదో ఒకసారి ఊహించుకోండి.

మన వైపే కాదు, అటు శ్రీకాకుళం కొండల వైపు ఇంకా ముందే ఈ పని చేసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నడు. గిడుగు వెంకట రామమూర్తి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తరు. వ్యావహారిక భాష కోసం కొట్లాడిండని బడిలో చెప్తరు. కానీ పర్లాకిమిడిలో టీచర్‌గా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు బడులు పెట్టించి, సవర వాచకాలు రాసి, 1931లో సవర వ్యాకరణం అచ్చువేయించిన సంగతి చానామందికి చెప్పరు. తెలుగు ఎట్ల రాయాల్నో చెప్పకముందే ఆయన సవర పిల్లలకు ఏ భాషలో చెప్పాల్నో ఆలోచించిండు.

ఐతే మార్లవాయి పని ఎక్కువకాలం నిలవలేదు. హైదరాబాద్ రాజ్యం పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలుగు బడిభాష అయింది, గోండి వాచకాలు మూలకు పడ్డయి. ఆ ఏడే రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చిన్రు. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నోళ్ల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని దాని అర్థం. కాగితం మీద హక్కు వచ్చిన కాలంలోనే చేతిలో ఉన్న పుస్తకం పోయింది.

ఇంకో కొరత కూడా చెప్పాలె. మార్లవాయి తయారుచేసింది చిన్న తరగతుల టీచర్లను. ఆ కాలానికి అదే పెద్ద పని. కానీ ఆ తర్వాతి మెట్టు, అంటే లెక్కలకు లెక్కల టీచర్, సైన్సుకు సైన్స్ టీచర్ అనే మెట్టు మన దగ్గర ఎవరూ కట్టలేదు.

మెథడాలజీ అంటే ఏంది?

ఆ మెట్టు ఎక్కడ ఉంటది? యూనివర్సిటీలో ఉంటది. అదే బీఎడ్, దాని పైన ఎంఎడ్. బీఎడ్‌లో సైకాలజీ, విద్య తత్వం లాంటివి అందరికీ ఒకటే. తేడా మెథడాలజీలో ఉంటది. మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్, బయలాజికల్ సైన్స్, సోషల్, ఇంగ్లిష్, తెలుగు లాంటి సబ్జెక్టుల్లో నువ్వు ఏ సబ్జెక్టు టీచర్‌వు అవుతవో అక్కడ తేలుతది.

మనోళ్లు చానామంది మెథడాలజీ అంటే లెసన్ ప్లాన్లు రాసుడు, చార్టులు గీసుడు అనుకుంటరు. ఎట్లన్న చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలనుకుంటరు. దాని వెనుక చానా పెద్ద ఆలోచన ఉంది. 1964 నుంచి 1966 దాకా పనిచేసిన కొఠారి కమిషన్ టీచర్ల శిక్షణ ఒంటరిదైపోయిందని చెప్పింది. అటు యూనివర్సిటీ చదువుతో సంబంధం లేదు, ఇటు బడితో సంబంధం లేదు, ఒక శిక్షణ సంస్థకు ఇంకో శిక్షణ సంస్థతో సంబంధం లేదు అన్నది. అంతకు కొంచెం ముందే, 1963లో, ఎన్‌సీఈఆర్‌టీ కింద అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లో ప్రాంతీయ విద్యా కళాశాలలు పెట్టిన్రు. దక్షిణాదికి మైసూరుది. ఇంటర్ అయినంక నాలుగేండ్లు సబ్జెక్టును, అది చెప్పే పద్ధతిని కలిపి నేర్పే కోర్సు అక్కడ పెట్టిన్రు. సైన్స్, లెక్కల వైపు ఆరేండ్ల ఎమ్మెస్సీఎడ్ కూడా ఉంది. డిగ్రీ మైసూరు విశ్వవిద్యాలయానిది. రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలు కూడా ఎంట్రన్స్ రాసి అక్కడ చేరొచ్చు. మా హాస్టల్‌లో ఇది విన్నోళ్లు ఒక్కరు లేరు. ఇంటర్‌లో ఉన్నప్పుడు మాకు ఎవరన్న చెప్పి ఉంటే అనుకున్నం.

తర్వాత అమెరికాలో లీ షుల్మన్ అనే విద్యావేత్త 1986లో రాసిన వ్యాసంలో ఒక మాట చెప్పిండు. సబ్జెక్టు తెలిసినంత మాత్రాన టీచర్ కాడు, చెప్పే టెక్నిక్కులు వచ్చినంత మాత్రాన కూడా కాడు. ఈ రెండింటి నడుమ మూడో జ్ఞానం ఒకటి ఉంది. ఈ పాఠంలో పిల్లగాడు ఎక్కడ తట్టుకుంటడు, ఏ ఉదాహరణ చెప్తే వానికి తలకెక్కుతది, ఏ తప్పు ఎందుకు చేస్తడు అని తెలిసి ఉండుడు. లెక్కలకు ఆ జ్ఞానం వేరు, చరిత్రకు వేరు, జీవశాస్త్రానికి వేరు. అందుకే మెథడాలజీ సబ్జెక్టుకొకటి ఉంటది. ప్రధాన్ కిక్రి గురించి ముందు చెప్పింది ఇదే.

మన దగ్గరి ఉదాహరణ చెప్తం. తెలంగాణ పదో తరగతి లెక్కల్లో సమితుల పాఠం ఉంది. పుస్తకంలో సమితి, మూలకం, వియుక్త సమితులు అని ఉంటయి. మేం ఆ మాటలు బట్టీ పట్టి రాసినం, అర్థం కాలేదు. కానీ గోండుల ఇంట్ల పుట్టిన ఐదేండ్ల పిల్లగానికి కూడా సగా తెలుసు. యేర్వెన్ సగా, సర్వెన్ సగా, సివెన్ సగా, నాల్వెన్ సగా. ఏడు దేవుళ్లోళ్లు, ఆరు దేవుళ్లోళ్లు, ఐదు దేవుళ్లోళ్లు, నాలుగు దేవుళ్లోళ్లు. ఒకే సగా వాళ్లు అన్నదమ్ములు, వాళ్లల్ల పెండ్లి కుదరదు. ఒక మనిషి ఒకేసారి రెండు సగాల్లో ఉండడు. అంటే ఏంది? సగా ఒక సమితి, మనిషి మూలకం, రెండు సగాలకు ఉమ్మడి మూలకం లేదు, అవి వియుక్త సమితులు. వెయ్యేండ్ల నుంచో ఎప్పటి నుంచో మన పెద్దలు పెండ్లి సంబంధం మాట్లాడేటప్పుడల్లా చేస్తున్న లెక్క ఇది. మాకు పదో తరగతిలో ఈ మాట చెప్పే సార్ లేడు. బయటి నుంచి వచ్చిన సార్‌కు సగా అంటే తెల్వదు, సగా తెలిసిన మనోళ్లు లెక్కల టీచర్ కాలేదు. నడుమ పిల్లగాడు ఫెయిల్ అయిండు.

జీవో 275, జీవో 3, 2020 తీర్పు

ఇప్పుడు మా గదిలో లొల్లి అయిన విషయానికి వస్తున్నం. దీని గురించి గ్రూపులో కోపంగా మస్తు పోస్టులు వచ్చినయి. కోపం న్యాయమే, కానీ వరుస కూడా తెలిసి ఉండాలె.

రాజ్యాంగం ఐదో షెడ్యూల్ ప్రకారం ఏజెన్సీ ప్రాంతాలకు ఏ చట్టం వర్తించాలె, ఏ మార్పుతో వర్తించాలె అని గవర్నర్ నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. ఆ అధికారంతోనే 1986 నవంబర్ 5న జీవో 275 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని టీచర్ పోస్టులు ఎస్టీలకే అన్నది దాని సారం. 1989లో ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. కేసులు నడిచినయి. మళ్లీ 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే, అందులో మూడో వంతు ఆడవాళ్లకు. 2001లో హైకోర్టులో మెజారిటీ జడ్జిలు దాన్ని సమర్థించిన్రు. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 2020 ఏప్రిల్ 22న ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం జీవో 3ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదు, ఐదో షెడ్యూల్ అధికారం ప్రాథమిక హక్కులను దాటి పోలేదు అన్నది. గిరిజనులకు గిరిజనులే చెప్పాలన్న ఆలోచననే తప్పుపట్టింది. అప్పటికే వచ్చిన ఉద్యోగాలను మాత్రం షరతు మీద కాపాడింది. లాక్‌డౌన్ రోజుల్లో, ఊర్లలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి వార్త చదివినోళ్లం మేం. అప్పటికి మేం హైస్కూల్ పిల్లలం. పెద్దోళ్ల మొకాలు చూసి ఏదో పోయిందని మాత్రం అర్థమైంది.

తీర్పు చదివినంక మాకు వచ్చిన ఆలోచన ఇది. గిరిజనులకు గిరిజనులే చెప్పాలని మేం మొండికేయడం లేదు. బయటి నుంచి వచ్చి, మన గూడేల్లో ఉండి, మన భాష నేర్చుకుని చెప్పిన సార్లు ఉన్నరు, వాళ్లను మనం దేవుళ్లలెక్క చూసుకుంటం. హైమన్‌డార్ఫ్ కూడా బయటోడే కదా. కానీ పిల్లగాని భాష తెలిసిన టీచర్ కావాలె అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు జీవో 3 ఒక్కటే జవాబు అనుకున్నం మనం. అది పోయినంక ప్రశ్న కూడా పోయిందన్నట్టు చేతులెత్తేస్తున్నం. ప్రశ్న పోలేదు, ఇంకా గట్టిగ ఉంది.

మన తప్పు కూడా ఒప్పుకోవాలె. జీవో 3 ఉన్న ఇరవై ఏండ్లలో మనోళ్లు చానామంది టీచర్లు అయిన్రు. ఆ కొలువు వచ్చిన ఇంట్ల పిల్లలు డాక్టర్లు, ఇంజినీర్లు అయిన్రు. అది మామూలు మార్పు కాదు. కానీ ఏ సబ్జెక్టులో మనోళ్లు ఉన్నరు, ఏ సబ్జెక్టులో లేరు అని మన సంఘాలు గానీ, మనం గానీ కూర్చుని లెక్క చూసుకోలేదు. పోస్టు గురించి కొట్లాడినం, పాఠం గురించి తక్కువ మాట్లాడినం.

ఇప్పుడు దారి ఎట్లున్నది?

కొన్ని మార్పులు తెలియక మనోళ్లు నష్టపోతున్నరు, అందుకే రాస్తున్నం.

2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చినంక టీచర్ కొలువుకు టెట్ తప్పనిసరి అయింది. 2014 నిబంధనలతో బీఎడ్ ఏడాది నుంచి రెండేండ్లకు పెరిగింది. అందులో మొత్తం 20 వారాలు బడిలో ఉండి నేర్చుకోవాలె. రెండేండ్లు అంటే ఇంకో ఏడాది ఇంటికి పైసలు రావు, ఇది మన ఇండ్లకు బరువే. అయితే ఆ 20 వారాలను మన ఏజెన్సీ బడిలోనే చేసే వీలుందేమో అడిగి చూడండి, ఆ బడి పిల్లలకు కూడా పనికొస్తది.

2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టుకు బీఎడ్ పనికిరాదు, డీఎడ్ లాంటి ఎలిమెంటరీ శిక్షణే ఉండాలె అన్నది. అంటే ఎస్జీటీ కావాలంటే డీఎడ్, స్కూల్ అసిస్టెంట్ కావాలంటే బీఎడ్. "బీఎడ్ చేస్తే రెండింటికీ రాయొచ్చు" అని ఇప్పటికీ ఊర్లల్ల చెప్తున్నరు, నమ్మకండి. ఇంకోరకంగా చూస్తే బీఎడ్ ఇప్పుడు అచ్చంగా సబ్జెక్టు టీచర్ చదువు అయిపోయింది. అందుకే ఏ మెథడాలజీ అన్నది ఇదివరకటి కంటే పెద్ద నిర్ణయం.

2020 జాతీయ విద్యా విధానం 2030 నాటికి నాలుగేండ్ల ఇంటిగ్రేటెడ్ బీఎడ్‌నే టీచర్‌కు కనీస అర్హత చేయాలని చెప్పింది. దానికి ఇంటర్ అయినంక జాతీయ స్థాయి ఎంట్రన్స్ ఉంటది. ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పటి నుంచే ఆ వైపు ఒక కన్ను వేసి ఉంచండి. ఎంపీసీ, బైపీసీ భయపడి వదిలేస్తే ఆ తలుపు అక్కడే మూసుకుంటది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. విజయనగరం వైపు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లోనే మొదలైంది. మన పేరు పెట్టుకున్న యూనివర్సిటీల్లో మన బడులకు టీచర్లను తయారుచేసే శాఖలు గట్టిగ ఉండాలని అడగాల్సింది మనమే.

ఇంక ఎంఎడ్, పీహెచ్‌డీ సంగతి. "బీఎడ్‌కే దిక్కులేదు, ఎంఎడ్ ఎక్కడిది" అనకండి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కొలామి, కోయ, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అని ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తయారుచేసిన్రు. తెలుగు లిపిలో అచ్చేసిన్రు. మార్లవాయి ఆలోచన మళ్లీ లేచిందన్నట్టు. కానీ అవి కూడా చిన్న తరగతులతోనే ఆగినయి. ఆరో తరగతి నుంచి పిల్లగాడు ఒక్కసారిగా పరాయి మాటల సముద్రంలో పడుతడు. బలం, పీడనం, సమితి, బహుపది, కిరణజన్య సంయోగక్రియ. వీటిని మన భాషలో ఎట్ల చెప్పాలె? ఏ ఉదాహరణలు సరిపోతయి? ఇప్పపువ్వు పులిసే తీరుతో రసాయన మార్పు చెప్పొచ్చా? కొండపోడులో విత్తనాలు కలిపి చల్లే పద్ధతితో జీవవైవిధ్యం చెప్పొచ్చా? దీన్ని పరిశోధించి రాయాల్సింది ఎంఎడ్, పీహెచ్‌డీ చేసేటోళ్లే. మన భాష రాని వాళ్లు ఎంత మంచోళ్లైనా ఈ పని సగమే చేయగలరు. మిగిలిన సగం మన కోసం ఎనభై ఏండ్ల నుంచి ఆగి ఉన్నది.

మళ్లీ మా గదికి

మా దోస్తు సంగతి చెప్పి ఆపుతం. ఈ చరిత్ర అంతా మేం వానికి ఉపన్యాసం చెప్పినట్టు చెప్పలేదు, చెప్తే వాడు వినడు. సెలవులకు ఊరికి పోయినప్పుడు వాళ్ల అక్క కొడుకు పదో తరగతి లెక్కల పుస్తకం పట్టుకుని ఏడుస్తున్నడంట. వాడు సగాలతో సమితులు చెప్పిండు. గంటలో పిల్లగానికి అర్థమైంది. అయినంక ఆ పిల్లగాడు ఒక ప్రశ్న అడిగిండు: "మామా, మరి మా అవ్వ పెండ్లి కాకముందు వేరే సగా, పెండ్లి అయినంక మా సగా. మూలకం ఒక సమితి నుంచి ఇంకో సమితికి పోతదా?"

మా దోస్తుకు వెంటనే జవాబు తట్టలేదు. పక్కనే కూసున్న కటోడ తాత, ఒక్కరోజు కూడా బడికి పోనోడు, నవ్వి "పెండ్లిల దేవుని ముందట చేసే పని అదే కదరా" అన్నడంట. వాడు హాస్టల్‌కు వచ్చి ఈ మాట చెప్పేటప్పుడు మొకం వేరే ఉంది. "పదో తరగతి పుస్తకంలో లేని ప్రశ్న అడిగిండురా వాడు" అన్నడు, రెండుసార్లు అన్నడు.

వాడు కానిస్టేబుల్ పుస్తకాలు పడేయలేదు. ఇంటి పరిస్థితి అట్లుంది, పడేయమని మేం కూడా చెప్పలేం. కానీ మొన్న రాత్రి ఎడ్‌సెట్ ఫారం నింపిండు, మెథడాలజీ దగ్గర మ్యాథ్స్ అని పెట్టిండు. ఫీజు ఇంకా కట్టలే. ఆఖరు తేదీకి టైం ఉంది. మేం చందా వేసుకుంటున్నం.

చివరగా గ్రూపు వాళ్లకు రెండు మాటలు. మీ ఊర్లో గానీ, మీ చుట్టాల్లో గానీ మార్లవాయిలో ట్రైనింగ్ అయిన పాత సార్ల ఇండ్లోళ్లు ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడండి, రాసుకోండి. పలక, పాత వాచకం, ఫొటో ఏదున్నా పారేయనీయకండి. వాళ్ల జ్ఞాపకాలు పోతే మన టీచర్ల చరిత్రలో మొదటి పేజీ చిరిగిపోయినట్టే. రెండోది, మీకు ఆరు నుంచి పది దాకా లెక్కలు, సైన్స్ చెప్పిన మనోళ్లు ఎవరన్నా ఉంటే కింద రాయండి. మా హాస్టల్‌లో చేతులు తక్కువ లేచినయి. మీ దగ్గర ఎక్కువ లేస్తే మాకంటే సంతోషపడేటోళ్లు ఉండరు.

జై జంగుబాయి. జోహార్ కుమ్రం భీం.